ఎర్ర నాడా చుట్టిన కత్తెర

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నా తప్పు కూడా ఉంది. దాన్ని చివరిదాకా దాచిపెట్టి, అప్పుడు బయటపెట్టి మీచేత అయ్యో అనిపించుకునే ఓపిక నాకు లేదు. నాది బొత్తాలు, దారాలు, జిప్పులు, నాడాలు అమ్మే కొట్టు. ఎదురుగా కత్తెరల మేస్త్రి కొలిమి. రెండు తోపుడుబళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సినంత వీధి మాది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన సుత్తి చప్పుడు వింటూనే నేను బొత్తాలు పొట్లాలు కట్టాను. ఆయన్ని అన్నయ్యా అంటాను. చుట్టరికమేమీ లేదు. ఆయన భార్యను వదినా అని పిలిచి నాలుగు ఎకసెక్కాలాడటానికి అదొక దారి, అంతే.

మేస్త్రి పొట్టి మనిషి, మాట అంతకన్నా పొట్టి. పని మాత్రం పొడుగు. ఒక్క కత్తెరకు రెండు రోజులు పట్టేది. ఇనుము కాల్చి, సాగదీసి, ఆకురాయితో రుద్ది, రెండు బ్లేడ్లనూ జత చేశాక ఎదురు వెలుతురులో పెట్టి చూసేవాడు. మంచి కత్తెర బ్లేడ్లు మొదటి నుంచి చివరిదాకా ఒకదాన్నొకటి అంటుకుని ఉండవు. నడుమ వెంట్రుకవాసి సందు ఉండాలి, కొసలు మాత్రం ముద్దు పెట్టుకోవాలి. ఆ సందును కుదిర్చేది సన్న సుత్తితో వేసే రెండు మూడు దెబ్బలు. తర్వాత తడిపిన పల్చటి మల్లుగుడ్డ ముక్కను ఆ మొదలు నుంచి ఈ చివరికి కోసి చూసేవాడు. తన చేతిలో తెగని కత్తెర గడప దాటకూడదని వాళ్ళ నాన్న పెట్టిన నియమం. నలభై ఏళ్ళలో ఆ నియమం ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేది.

వదిన బట్టలు కుట్టేది. వీధంతా ఆమెను ఎడంచేతి టైలరమ్మ అనేవారు. చిన్నప్పుడు బళ్ళో చేతిమీద కొట్టి కొట్టి రాత కుడిచేతికి మార్చారట. కోత మాత్రం మారలేదు. ఎడంచేతివాళ్ళ చేతిలో మామూలు కత్తెర గుడ్డను కొయ్యదు, నములుతుంది. కోసే గీత కూడా పై బ్లేడు చాటున పడి కనబడదు. వదిన మెడ పక్కకు వంచి, తల దూర్చి, అంచనా మీద కోసేది. సాయంత్రానికి మెడ పట్టేసేది. ఒకరోజు మేస్త్రి ఆ అవస్థ చూసి, "ఉండు" అన్నాడు. అంతే అన్నాడు. పది రోజుల పాటు పగలంతా అదే పని. పైనుండే బ్లేడు కిందికి, కిందుండేది పైకి, పిడి వాలు ఆ పక్కది ఈ పక్కకు, అంతా తిరగేశాడు. మూడు చెడగొట్టి నాలుగోది నిలబెట్టాడు. అలాంటి కత్తెర అప్పటికి మా చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు.

కోసి చూడబోతే మొదట తెగలేదు. గుడ్డ రెండు బ్లేడ్ల మధ్య మడతపడి చిక్కుకుపోయింది. ఇంకో నాలుగు దెబ్బలు వేసి వంపు పెంచాడు, రెండు బ్లేడ్లనూ కలిపే నడుమ మర బిగించాడు. మళ్ళీ మడతపడింది, మళ్ళీ బిగించాడు. చివరికి తన చేతిలో వెన్నలా తెగాక, తుడిచి తీసుకొచ్చి నా కొట్టు ముందు వదిన చేతికిచ్చాడు. వదిన అప్పుడు నా దగ్గర హుక్కులు ఏరుకుంటోంది. అక్కడ ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళున్నారు.

వదిన మొహం చూడాలి. కోసింది, మళ్ళీ కోసింది. "గీత కనబడుతోందండీ!" అంది చిన్నపిల్లలా. ఇంకాస్త కోశాక వేళ్ళు బయటికి తీసి బొటనవేలు రుద్దుకుంది. "కొంచెం బిగువుగా ఉన్నట్టుంది. ఇక్కడ నొక్కుతోంది."

మేస్త్రి కత్తెర తీసుకుని, తన చేత్తో, అంటే కుడిచేత్తో, నా కౌంటరు మీదున్న గుడ్డముక్కను సర్రున కోసేశాడు. తర్వాత అందరివైపూ చూసి, "ఆడలేక మద్దెల ఓడన్నదట" అన్నాడు.

ఎప్పుడూ నోరు విప్పని మనిషి సామెత చెప్పేసరికి అందరం ఫక్కున నవ్వాం. నేను మరీ ఎక్కువ నవ్వాను. వదిన కూడా నవ్వింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వారం తర్వాత వచ్చి అరగజం ఎర్ర నాడా అడిగింది. "ఏంటి వదినా, ఈ వయసులో రిబ్బన్లా?" అన్నాను. "జడకి కాదులే, కత్తెరకి. మీ అన్నయ్య చేసిచ్చింది కదా, ముస్తాబు చేస్తున్నా" అంది. బొటనవేలు దూరే గుండ్రానికి ఆ నాడా చుట్టి, కొసను పొందికగా లోపలికి దోపింది. నిజంగానే ముచ్చటగా ఉండేది. నాడా మాసి అరిగితే రెండు మూడు నెలలకోసారి ఇంకో అరగజం. అలా పందొమ్మిదేళ్ళు. ఒక్కసారైనా, ఇనప కత్తెరకు ముస్తాబేమిటి వదినా అని నిలదీసి అడిగానా? అడగలేదు. కొలిచాను, కత్తిరించాను, ఇచ్చాను. మొదట చెప్పిన నా తప్పు అదే.

రెండేళ్ళ కిందట పదకొండు రోజుల జ్వరంతో వదిన పోయింది. వాళ్ళకు పిల్లల్లేరు. కొలిమి వెనక గదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉండిపోయింది. ఆమె కత్తెరను మేస్త్రి కొలిమిలో తన తలకు ఎదురుగా మేకుకు తగిలించాడు. రోజూ తుడిచేవాడు కానీ, ఆ గుండ్రాల్లో తన వేళ్ళు మాత్రం పెట్టేవాడు కాదు. ఇద్దరికి వండే గిన్నెలోనే ఒక్కడికీ వండుకునేవాడు. అన్నం అడుగంటుతోందని పొద్దున్నే వచ్చి నా మీద విసుక్కునేవాడు, ఆ గిన్నె నేనమ్మినట్టు. చిన్న గిన్నె కొనుక్కో అన్నయ్యా అంటే తిరిగి కొలిమికి వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం పూట సుత్తి చప్పుడు ఆగిపోయి ఎంతసేపటికీ మొదలు కాకపోతే, నేను లేచి అటు చూసేదాన్ని. ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మ ముందు ఊరికే కూర్చుని ఉండేవాడు.

దీనికి తోడు గోరుచుట్టు మీద రోకటిపోటు. వదిన తమ్ముడు, అంటే మేస్త్రికి స్వయానా బావమరిది, మా వీధి చివర షెడ్డు వేసి ప్రెస్సు మిషను పెట్టాడు. ఒక్క నొక్కు నొక్కితే ఒక బ్లేడు ఊడిపడుతుంది, దానికి రంగు రంగుల ప్లాస్టిక్ పిడులు. మేస్త్రి ఒక కత్తెర చేసేలోగా అక్కడ ఆరువందలు తయారు. మొండిబారితే సానబెట్టుకోరు, పారేసి ఇంకోటి కొంటారు. దర్జీలు కూడా అటే తిరిగారు. నేనూ అవే అమ్ముతున్నాను, అబద్ధమెందుకు. బావమరిది చెడ్డవాడు కాదు. వారానికోసారి వచ్చి, కొలిమి గట్టున కూర్చుని, అదే పాట పాడేవాడు.

"బావా, ఈ బొగ్గుల్లో ఎన్నాళ్ళు దగ్గుతావు? కొలిమి ఆర్పేసి నా దగ్గరికి వచ్చెయ్. ఫ్యాను కింద కుర్చీ వేస్తా. వచ్చిన సరుకు బాగుందో లేదో చూడు, చాలు."

"కూర్చుని చూడటానికి నేనెందుకు? కుర్చీ చాలదా?" అనేవాడు మేస్త్రి.

"అక్కయ్య ఉంటే ఇలా వదిలేసేదా నిన్ను?"

చివరికి ఒకరోజు మేస్త్రి, "నా మంచి కోరే చెప్తున్నావు, తెలుసు. ఈ ఎండాకాలం దాకా చూస్తా. అప్పటికీ గిట్టకపోతే వచ్చేస్తా" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన సుత్తులన్నీ వరసగా పేర్చి తుడవడం చూశాను. ఆ చప్పుడు లేని వీధిలో నేను బొత్తాలు పొట్లాలు కట్టలేను.

అప్పుడొచ్చింది కుట్టుపని నేర్పే బడి టీచరమ్మ. నా కొట్టుకు దారాల కోసం వచ్చి, "ఎడంచేతివాళ్ళు వాడే కత్తెరలు ఎక్కడైనా దొరుకుతాయా అండీ? ప్రతి తరగతిలో ముగ్గురు నలుగురు ఉంటారు. వాళ్ళు మామూలు కత్తెరలతో తంటాలు పడి, కుట్టు మాకు రాదని మానేసి వెళ్ళిపోతున్నారు" అంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుంటే అది నా పుట్టుకే కాదు. చెయ్యి పట్టుకుని ఎదురుగా తీసుకెళ్ళాను.

మేస్త్రి మేకు మీది కత్తెర చూపించాడు. టీచరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. వాళ్ళకు కుట్టు నేర్పే బళ్ళు పదకొండు ఉన్నాయట. ముందు పన్నెండు చేసివ్వమంది. అవి నచ్చితే ఏటా అన్ని బళ్ళకూ ఆయనే చెయ్యాలంది. ఆమె వెళ్ళాక బావమరిదిని అడిగితే పకపకా నవ్వాడు. "ఎడంచేతి కత్తెరకి అచ్చు చేయిస్తే, ఆ అచ్చు ఖర్చు రావడానికి దేశంలో సగంమంది ఎడంచేతివాళ్ళు కావాలి. అది నా వల్ల కాదు బావా. నీకే వదిలేస్తున్నా, చేసుకో." అంటే మిషను చెయ్యలేని పని ఒకటి మేస్త్రి చేతిలో మిగిలిందన్నమాట. ఆ పని నిలబడితే కొలిమి నిలబడుతుంది. లేదా ఫ్యాను కింద కుర్చీ.

రెండేళ్ళ తర్వాత ఆయన ఈల వేయడం విన్నాను. వదిన కత్తెర మేకు మీద ఉండగానే దాని కొలతలు తీసుకున్నాడు. పొడవు, వెడల్పు, వంపు, మర బిగువు, అన్నీ దాని ప్రకారమే. పందొమ్మిదేళ్ళు విసుగు లేకుండా కోసిన కత్తెర కన్నా మంచి నమూనా ఎక్కడ దొరుకుతుంది? పన్నెండూ తన చేత్తో మల్లుగుడ్డ కోసి చూశాడు. ఆఖరున నా దగ్గరికి వచ్చి, "చెల్లెమ్మా, ఎర్ర నాడా పన్నెండు ముక్కలు. ఆవిడ కత్తెరలాగే ఉండాలి" అన్నాడు. నేను ఆనందంగా కోసిచ్చాను. అక్కడే కూర్చుని ఇద్దరం పన్నెండు గుండ్రాలకూ చుట్టాం.

ఇరవై రోజులకు పన్నెండూ వెనక్కి వచ్చాయి.

టీచరమ్మ మర్యాదస్తురాలు. "పని ముచ్చటగా ఉంది మేస్త్రిగారూ. నాడా కూడా అందంగా ఉంది. కానీ గంటసేపు కోస్తే బొటనవేళ్ళు వాచిపోతున్నాయి. చాలా బిగువండీ" అంది.

మేస్త్రి ఒకటి తీసి కుడిచేత్తో సర్రున కోశాడు. మరోటి తీసి కోశాడు. మొహం ఎర్రబడింది. "మా ఆవిడ పందొమ్మిదేళ్ళు ఇలాంటిదాంతోనే కోసిందమ్మా. ఆడలేక మద్దెల..." అని మొదలుపెట్టాడు.

టీచరమ్మ నవ్వలేదు. "ఒక్కరు ఆడలేకపోతే వాళ్ళ తప్పనుకోవచ్చు. పన్నెండుమందీ ఆడలేకపోతే మద్దెల ఒకసారి చూసుకోవాలి కదండీ" అంది. నెల తర్వాత మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. మూడు రోజులు కొలిమి తలుపే తియ్యలేదు. నాలుగోరోజు చొక్కా బొత్తాలు ఒకటి కిందికీ ఒకటి మీదికీ పెట్టుకుని నా కొట్టుకు వచ్చాడు. ఎడంచేత్తో పెట్టుకున్నాడట. "నా చేతిలో తెగితే చాలదు చెల్లెమ్మా. నాకో ఎడంచెయ్యి కావాలి. అడగడానికి ఆవిడ లేదు కదా, నాకున్న ఎడంచేతినే తయారు చేసుకుంటా" అన్నాడు.

ఆ రోజు నుంచి అన్నీ ఎడంచేత్తోనే. తాళం తియ్యడం, టీ గ్లాసు పట్టుకోవడం, చీపురు పట్టడం, గడ్డం గీసుకోవడం. గడ్డం మీద గాట్లు చూసి వీధిలో నవ్వుకున్నారు. పాత పేపర్లు తెచ్చుకుని పొద్దస్తమానం ఎడంచేత్తో కత్తిరించేవాడు. కొలిమంతా కాగితం పీలికలు. అప్పుడప్పుడు దారి దాటి వచ్చి, ఏదో దొంగతనం పట్టుకున్నట్టు చెప్పేవాడు. "తలుపు గడియ కూడా కుడిచేతివాళ్ళదే, తెలుసా?" ఇంకోరోజు, "బడిలో కుర్చీకుండే పలక కూడా." ఇంకోరోజు, "ఆవిడ ఎప్పుడూ చెప్పనేలేదు. ఇన్నేళ్ళూ ఇంట్లో ప్రతి వస్తువూ ఆవిడకి అడ్డంగా ఉండి ఉంటుంది." చెప్పేసి మళ్ళీ వెళ్ళిపోయేవాడు. ఆ మాటలు చెప్పాల్సిన మనిషికి చెప్పలేక నాకు చెబుతున్నాడని తెలుస్తూనే ఉండేది.

మూడో వారానికి ఎడంచేతికి పట్టు దొరికింది. దొరకగానే గుట్టు కూడా దొరికింది. "చెయ్యి మూసుకునేటప్పుడు బొటనవేలు బ్లేడుని పక్కకి తోస్తుంది. కుడిది ఒక వైపు, ఎడమది ఇంకో వైపు. ఎడంచేతి కత్తెర నా కుడిచేతిలో విడిపోతుంది, అందుకే మొదట తెగదు. తెగట్లేదని నేను బిగించా. ఎడంచేతిలో అవి వాటంతటవే దగ్గరవుతాయి. దగ్గరయ్యేవాటిని పట్టుకుని నేనింకా బిగించా, ఎద్దులా."

"మరి వదినది?" అన్నాను.

"దానికేం? అది బాగానే కుదిరింది. కొలతల్లో నేనే ఎక్కడో తప్పా" అన్నాడు, నా వైపు చూడకుండా.

నాకు నాడా గుర్తొచ్చింది. అరగజాలు అరగజాలుగా గుర్తొచ్చింది. అయినా నోరు తెరవలేదు. ఆయనకూ అనుమానం వచ్చే ఉంటుందని ఇప్పటికీ అనుకుంటున్నాను. లేకపోతే అన్ని కత్తెరలూ ఎడంచేత్తో కోసి చూసిన మనిషి, మేకు మీదున్న ఆ ఒక్కదాన్ని ఎందుకు ముట్టుకోడు?

అన్న రోజుకు టీచరమ్మ ముగ్గురు ఎడంచేతి విద్యార్థినుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఎడంచేత్తో కోసి చూసుకుంటూ మళ్ళీ కుదిర్చిన పన్నెండు కత్తెరలూ మేస్త్రి బల్ల మీద పరిచాడు. ఈసారి నాడాలు లేవు. ఆ ముగ్గురూ కోస్తుంటే మేస్త్రి కత్తెరల్ని చూడలేదు, వాళ్ళ బొటనవేళ్ళనే చూశాడు. "ఎక్కడన్నా నొక్కుతోందా అమ్మా? ఉంటే మొహమాటపడకుండా చెప్పండి" అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరికీ నొక్కలేదు. గుడ్డ చప్పుడు లేకుండా తెగింది. టీచరమ్మ పదకొండు బళ్ళ ఆర్డరు అక్కడే రాసిచ్చింది. కొలిమి నిలబడింది. నేను గుమ్మంలో నిలబడి నా కొట్టును గాలికి వదిలేసి చప్పట్లు కొట్టాను.

అప్పుడు, ముగ్గురిలో పెద్దామె, ఇద్దరు పిల్లల తల్లి, గోడ వైపు చూసి, "అది కూడా ఎడంచేతిదేనా అండీ?" అంటూ మేకు మీది కత్తెర తీసేసింది. మేస్త్రి ఆపబోయి చెయ్యి ఎత్తాడు. ఆమె ఒక ముక్క కోసి, ఆగి, బొటనవేలు బయటికి తీసి రుద్దుకుంది. అచ్చం వదిన రుద్దుకున్నట్టే.

"ఇది మాకు మొదట పంపినవాటిలాగే ఉందండీ. అందుకేనేమో పాపం నాడా చుట్టుకున్నారు. నేనూ అప్పుడు నొప్పికి ఓర్చుకోలేక మీ నాడా మీద ఇంకో పీలిక చుట్టుకున్నా. ఎవరిదండీ ఇది?"

"మా ఆవిడదమ్మా" అన్నాడు మేస్త్రి.

వాళ్ళు వెళ్ళిపోయాక చాలాసేపు సుత్తి చప్పుడు లేదు. నేను దారి దాటి వెళ్ళాను. ఆయన ఒళ్ళో కత్తెర పెట్టుకుని నాడా విప్పుతున్నాడు. పాతది పూర్తిగా తియ్యకుండా దాని మీదే కొత్తది చుట్టుకుంటూ పోయిందేమో, పొర కింద పొర వస్తోంది. పై పొర నేను అమ్మిన ఆఖరి అరగజం, ఇంకా ఎర్రగానే ఉంది. కిందికి పోయేకొద్దీ మట్టిరంగు. అడుగు పొర వేలి అచ్చు పడి గట్టిపడిపోయింది. మేస్త్రి తన ఎడంచేతి బొటనవేలు నాకు చూపించాడు. నెల రోజుల అలవాటుకు కణుపు పక్కన చిన్న కాయ కాసింది.

"ఆవిడకి ఇక్కడే ఇంతకి రెట్టింపు ఉండేది. పనిచేసే చెయ్యి కదా అనుకున్నా" అన్నాడు. నా వైపు తిరిగి, "ఆరోజు నువ్వూ ఉన్నావు కదూ?"

"ఉన్నానన్నయ్యా."

"నవ్వావా?"

"అందరికన్నా ఎక్కువ నవ్వాను. తర్వాత నాడా అమ్మాను."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ వట్టి ఇనప గుండ్రంలో మొదటిసారి తన ఎడంచేతి వేలు పెట్టి ఒక గుడ్డముక్క మొత్తం కోశాడు. కోస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తర్వాత కత్తెరను దాగలి మీద పెట్టి సన్న సుత్తి తీసుకున్నాడు. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. మరను పావు తిప్పు వదులు చేశాడు. అంతే పని. పందొమ్మిదేళ్ళ నొప్పికి రెండు దెబ్బలు, పావు తిప్పు.

మళ్ళీ ఎడంచేత్తో కోసి చూసుకున్నాడు. చప్పుడే లేదు. బాగుందో లేదో చెప్పాల్సిన మనిషి కోసం అలవాటుగా వెనక గది గుమ్మం వైపు చూశాడు. ఆ తర్వాత, ఇంకెవరూ లేక, కత్తెర నా చేతికిచ్చాడు.

నాది కుడిచెయ్యి. వేళ్ళు దూర్చి గుడ్డ మీద నొక్కాను. గుడ్డ రెండు బ్లేడ్ల మధ్య మడతపడి చిక్కుకుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మడతే.

"తెగట్లేదన్నయ్యా" అన్నాను.

"అయితే సరిగ్గా కుదిరినట్టే" అన్నాడు.